గరాటు మీద జానెడు జాగా

మా అవ్వకు తెల్లవారుజామున మొదటి పని కాగు కింద మంట వేయడం. సదుంలో మా ఇంటి వెనక మూడు రాళ్ళు, వాటి మీద 60 లీటర్లు పట్టే రాగి కాగు, దాని అడుగున వేలెడు మందాన మసి. ముందు ఎండిన టెంకాయ మట్ట చీలికలు, వాటి మీద కంది కట్టె, అది బాగా అంటుకున్నాక చింతమొద్దు. మంట నిలబడిందని తేలాక కాగు మీద సత్తుమూత వేసి, మూతకూ అంచుకూ మధ్య ఒక టెంకాయ చిప్ప ముక్క ఇరికించేది. మూత ఒక పక్కకు ఎత్తుగా ఉండేది. ఆ సందులోంచి ఆవిరి సన్నగా పైకి పోతుండేది.

"మొత్తం మూసేస్తే బిన్నా కాగుతాయి గదవ్వా" అని ఒకసారి అడిగాను.

"ఆవిరికి దోవ ఉండల్ల నాయనా. మనం ఇయ్యకుంటే అదే జేసుకుంటాది" అంది.

నేను భౌతికశాస్త్రం చదువుకున్నది ఆ తర్వాత చాలా ఏళ్ళకు. కట్టెల మంట మీద నీళ్ళు కాగబెట్టుకునే ఇంట్లో తెలిసుండాల్సిన సంగతుల్లో ఆ టెంకాయ చిప్ప కన్నా ముఖ్యమైనది నాకు ఇప్పటికీ కనబడలేదు.

ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో చలి, ఎండ కాసే ఊళ్ళ వాళ్ళు ఊహించుకునేదానికన్నా ఎక్కువే. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. దాని పక్కనే ఉన్న హార్స్‌లీ కొండ, మనవాళ్ళు ఏనుగుమల్లమ్మ కొండ అనేది, 1,265 మీటర్లు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత 15 డిగ్రీల కిందికి దిగడం మామూలే. ఉడుకునీళ్ళు లేకుండా పసిబిడ్డకో, బాలింతకో, ముసలివాళ్ళకో పొద్దు గడవదు. గ్యాసుబండ వంటింట్లోకి వచ్చి ఏళ్ళయినా, నీళ్ళపొయ్యి మాత్రం పెరట్లోనే ఉండిపోయింది. గ్యాసు పెట్టి స్నానానికి నీళ్ళు కాచుకోవడం ఈ పల్లెల్లో ఎవరికీ గిట్టుబాటు కాదు. మామిడి తోటలో కొమ్మలు కొట్టేస్తే కట్టె, టమోటా చేలో ఊతకర్రలు పుచ్చిపోతే కట్టె, మల్బరీ కత్తిరిస్తే కట్టె. డబ్బు పెట్టి కొనే పనిలేని మంట అది.

అందుకే దాన్ని చిన్నచూపు చూడకుండా శాస్త్రం ప్రకారం మాట్లాడుకోవాలి. కట్టెపొయ్యి మానేయమని చెప్పడం తేలిక. రేపు పొద్దున కూడా దాన్ని వెలిగించబోయే ఇంటికి ఆ మాటతో ఒరిగేదేమీ లేదు.

మా అక్క కాన్పుకు వచ్చిన ఏడు నాయన మదనపల్లె నుంచి రాగి బాయిలర్ తెచ్చాడు. నిలువుగా డోలు ఆకారం, నడుమ ఒక గొట్టం. గొట్టం అడుగున ఇనప కమ్ముల జల్లెడ, దాని మీద మంట, పైకి పొగగొట్టం. మంట చుట్టూ నీళ్ళు. పక్కన నీళ్ళు పోయడానికి గరాటు, కింద కొళాయి. నాలుగు కట్టెముక్కలతో అరగంటలో నీళ్ళు కాగేసరికి అవ్వ నమ్మలేకపోయింది.

ఆ ఏటి సంక్రాంతి భోగినాడు నాకు పన్నెండేళ్ళు. ఇంటినిండా చుట్టాలు. అందరూ తలకు పోసుకున్నాక నా వంతు వచ్చింది. కొళాయి తిప్పితే చుక్క రాలేదు. లోపల నిప్పులు మాత్రం ఎర్రగా కణకణలాడుతున్నాయి. చెంబుతో చన్నీళ్ళు తెచ్చి గరాటులో గుమ్మరించాను. బుస్సుమని ఒక శబ్దం, గరాటులోంచి తెల్లటి ఆవిరి నిలువుగా లేచింది. మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం కమిలిపోయింది. పక్కింటామె సిరాబుడ్డి తెచ్చింది. అవ్వ ఆమెను ఆపి, నా చేతిని బోరింగు ధార కింద పెట్టి, నేను ఏడ్చి ఏడ్చి అలిసిపోయేదాకా తీయనివ్వలేదు. బొబ్బలు లేచాయి గానీ మచ్చ మిగల్లేదు.

ఆరోజు జరిగిందేమిటో ఇప్పుడు లెక్క కట్టి చెప్పగలను. నీళ్ళున్నంతసేపు లోహం వేడి 100 డిగ్రీలకు మించి పెద్దగా పోదు. మంట ఇచ్చే వేడినంతా నీళ్ళు లాక్కుంటూ ఉంటాయి. విస్తరాకు దొన్నెలో నీళ్ళు పోసి నిప్పుల మీద పెడితే నీళ్ళు కాగుతాయి గానీ, నీళ్ళు తగిలిన మేర ఆకు కాలదు. కారణం అదే. నీళ్ళు అయిపోయిన మరుక్షణం ఆ కాపలా పోతుంది. రాగి కరగాలంటే 1,085 డిగ్రీలు కావాలి, అంత వేడి ఆ పొయ్యిలో రాదు. కానీ అతుకుల దగ్గర టంకం వేసి ఉంటే అది 200 డిగ్రీల దరిదాపులోనే కరుగుతుంది. వట్టి బాయిలర్ కింద నిప్పులుంటే అతుకులు ఊడటం ఒక నష్టం. ఆ కాలిన లోహం మీద నీళ్ళు పడితే అవి కాగవు, క్షణంలో ఆవిరైపోతాయి. ఒక లీటరు నీరు మామూలు గాలి పీడనం దగ్గర ఆవిరైతే సుమారు 1,670 లీటర్ల జాగా కావాలి. నేను పోసింది ఒక్క చెంబు. గరాటు నోరు తెరిచే ఉంది కాబట్టి నా చెయ్యి మాత్రమే కాలింది.

నోరు మూసి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న దగ్గరే ఈ శాస్త్రమంతా ఉంది.

ప్రతి ఇంట్లో ఉన్న కుక్కర్‌ను చూడండి. మూత బిగించి కాస్తే ఆవిరి బయటికి పోలేక లోపలే ఒత్తుకుంటుంది. ఒత్తిడి పెరిగితే నీరు మరిగే డిగ్రీ కూడా పెరుగుతుంది. మామూలు గాలి కన్నా ఒక కిలో ఒత్తిడి, అంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో, ఎక్కువైతే నీరు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అందుకే పప్పు తొందరగా ఉడుకుతుంది. అంతకు మించకుండా కాపాడేది పైనున్న విజిల్ బరువు. అది మొరాయిస్తే మూతలో ఉన్న చిన్న సేఫ్టీ ప్లగ్ కరిగి ఆవిరిని వదిలేస్తుంది. ఈ బరువు కనిపెట్టిన మనిషి డెనీ పాపిన్ అనే ఫ్రెంచివాడు. 1679లో లండన్‌లో ఎముకలు మెత్తబడేట్టు ఉడికించే గట్టి పాత్ర చూపించినవాడు ఆయనే. బరువు పెట్టిన ఆ కవాటం లేకుంటే పాత్రే పేలిపోతుందని ఆయనకు బాగా తెలుసు.

కుక్కర్ గోడ మందం. మన స్నానాల బాయిలర్ పలచటి రాగిరేకు. దాని అడుగు 35 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకుందాం. వైశాల్యం దాదాపు 960 చదరపు సెంటీమీటర్లు. లోపల ఒక్క కిలో ఒత్తిడి చేరితే ఆ అడుగు మీద పడే తోపు 960 కిలోలు. ఒక చిన్న కారును తెచ్చి ఆ రేకు మీద నిలబెట్టినట్టు. రేకు ఎక్కడో ఒకచోట చిరుగుతుంది. అసలు ప్రమాదం చిరిగిన తర్వాతే మొదలవుతుంది. లోపలున్న 40 లీటర్ల నీళ్ళు 120 డిగ్రీల దగ్గర ఉన్నాయి. ఒత్తిడి ఒక్కసారిగా పోగానే అవి 100 డిగ్రీలకు దిగాలి. ఆ 20 డిగ్రీల వేడి ఎక్కడికి పోతుంది? ఒకటిన్నర కిలోల నీటిని ఆవిరి చేస్తుంది. అంటే రెప్పపాటులో సుమారు 2,500 లీటర్ల ఆవిరి. మామూలు స్నానాల గదిలో సగం నిండిపోతుంది, మిగతా సగంలో మనిషి, ఎగిరే రేకులు, మరిగే నీళ్ళు.

అమెరికాలో బ్రాక్టన్ అనే ఊళ్ళో 1905 మార్చి 20న ఒక చెప్పుల ఫ్యాక్టరీ బాయిలర్ ఇలాగే పేలి, కప్పులు చీల్చుకుంటూ పోయింది. 58 మంది చనిపోయారు. ఆ దేశంలో బాయిలర్ల కట్టడికి నియమావళి రాసుకోవాలన్న పట్టుదల ఆ బూడిదలోంచే వచ్చింది. మన దేశంలో 1923లోనే బాయిలర్ల చట్టం వచ్చింది. కానీ ఆ చట్టం చూపు ఫ్యాక్టరీల్లో ఆవిరి పుట్టించే బాయిలర్ల మీదే ఉండేది. మన పెరట్లో ఉన్నదాన్ని కూడా బాయిలర్ అనే పిలుస్తున్నాం గానీ అది ఆ జాతిది కాదు. అది నోరు తెరిచిన కాగుకు చెల్లెలు. నోరు మూశామంటే మాత్రం జాతి మారిపోతుంది.

ఈ నడిమంటల బాయిలర్ మొన్న మొన్న పుట్టింది కాదు. రెండు వేల ఏళ్ళ కిందట రోమన్ల ఇళ్ళలో మిలియేరియం అనే నీళ్ళకాపు పాత్ర ఉండేది, మైలురాయిలా నిలువుగా. నడుమ నిప్పు, చుట్టూ నీళ్ళు. సెనెకా అనే పండితుడు ప్రకృతి మీద రాసిన పుస్తకంలో, మంట చుట్టూ సన్నటి రాగి గొట్టాలు చుట్టలు చుట్టి నీటిని అదే నిప్పు పక్కగా పలుమార్లు తిప్పే పాత్రల గురించి చెప్పాడు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న హీరో అనే యంత్రకారుడు వర్ణించిన పాత్ర నాకు అన్నిటికన్నా ఇష్టం. దానికి వేడినీళ్ళు పట్టుకోవడానికి తిప్పే కొళాయి లేదు. పైన చన్నీళ్ళు పోయాలి. ఆ నీళ్ళు లోపలి గొట్టం గుండా అడుగుకు పోతాయి. ఎన్ని పోస్తే అన్ని ఉడుకునీళ్ళు పైనున్న తూములోంచి పొర్లి బయటికి వస్తాయి.

ఇందులో రెండు మేలులున్నాయి. వేడినీరు తేలిక, చన్నీరు బరువు. కాబట్టి అడుగున చేరిన చన్నీళ్ళు పైనున్న వేడినీళ్ళతో వెంటనే కలిసిపోకుండా వాటిని నెడతాయి. రెండోది ఇంకా గొప్పది. ఆ పాత్ర ఎప్పుడూ ఖాళీ కాదు. పోస్తేనే వస్తాయి. పన్నెండేళ్ళ పిల్లవాడు భోగినాడు చేసిన పొరపాటు ఆ పాత్ర దగ్గర జరగనే జరగదు. ఇదే పద్ధతి బాయిలర్లు ఇప్పుడు మన దగ్గరా దొరుకుతున్నాయి, కింద కొళాయి లేకుండా పైన తూముతో. కొనేవాళ్ళకు ధర కన్నా ముందు ఈ తేడా చూడమని చెబుతాను.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. అవ్వ కాలంలో లేనిది ఒకటి ప్రతి మిద్దె మీదికీ వచ్చింది. నల్ల ప్లాస్టిక్ ట్యాంకు. స్నానాల గదిలోకి పైపు, గోడకు కొళాయి. ఇన్ని వచ్చాక చెంబుతో గరాటులో నీళ్ళు పోయడం నామోషీ అనిపిస్తుంది. పోయినేడు మా అమ్మ ఇంటికి మరమ్మతులు చేయిస్తుంటే పైపుల పనికి వచ్చిన కుర్రవాడు అదే అన్నాడు. "గరాటు తీసేద్దాం సార్, ట్యాంకు పైపు నేరుగా బాయిలర్‌కే బిగించేస్తా. ఇటు వేడినీళ్ళ కొళాయి, అటు చన్నీళ్ళ కొళాయి. గీజర్ మాదిరే ఉంటుంది." పని నేర్చినవాడే, మనసులో చెడ్డ ఉద్దేశమేమీ లేదు. కానీ ఆ మాటలో మూడు ప్రమాదాలున్నాయి.

మొదటిది, మంట లేకుండానే ఉండే ఒత్తిడి. ట్యాంకు బాయిలర్ కన్నా 3 మీటర్లు ఎత్తులో ఉంటే నీటి బరువే చదరపు సెంటీమీటరుకు 300 గ్రాముల ఒత్తిడి పెడుతుంది. మన 35 సెంటీమీటర్ల అడుగు మీద దాదాపు 290 కిలోలు. నోరు తెరిచి ఉండటానికి చేసిన పలచటి రేకు నిప్పంటించక ముందే ఉబ్బుతుంది.

రెండోది, నీరు వేడెక్కితే పెరుగుతుంది. 20 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు పోయేసరికి 40 లీటర్లు కాస్తా 41 లీటర్లు దాటుతుంది. ఆ పెరిగిన లీటరు పైపులో వెనక్కి నడిచి ట్యాంకులోకి పోవాలి. దారిలో గేటువాల్వు మూసి ఉన్నా, నీరు వెనక్కి రాకుండా నాన్-రిటర్న్ వాల్వు బిగించినా, ప్రెషర్ పంపు పెట్టినా ఆ దారి మూసుకుపోయినట్టే. నీటిని అదిమితే అణగదు. రేకే ఒదగాలి, లేదా చిరగాలి.

మూడోది కట్టె స్వభావం. కరెంటు గీజర్‌లో నీళ్ళు కాగగానే థర్మోస్టాట్ కరెంటు ఆపేస్తుంది. అది చెడితే పైనున్న సేఫ్టీ వాల్వు తెరుచుకుంటుంది. చింతమొద్దుకు స్విచ్చు లేదు. నీళ్ళు కాగినా, మీరు నిద్రపోయినా, ఊరికి పోయినా అది కాలుతూనే ఉంటుంది. కట్టెపొయ్యి మీద మూసిన పాత్ర పెట్టడమంటే ఆపడానికి వీల్లేని వేడిని దోవలేని నీటికి ఇవ్వడం.

ట్యాంకుకు కలపక తప్పదంటే అందుకు తగిన మందపాటి పాత్ర వేరే చేయించాలి. దాని నెత్తి నుంచి ఒక గాలిగొట్టం లేపాలి. ముప్పావు అంగుళానికి తగ్గని ఇనప గొట్టమో రాగి గొట్టమో, ఎక్కడా కిందికి వంగకుండా, మధ్యలో ఒక్క వాల్వు కూడా లేకుండా, ట్యాంకులో నీటిమట్టం కన్నా బాగా ఎత్తుకు పోయి, మనుషులు తిరగని వైపుకు మూతి వంచి ఉండాలి. ప్లాస్టిక్ ట్యాంకులోకి దాన్ని వంచకూడదు. మరిగే నీళ్ళు పడుతూ ఉంటే ట్యాంకే మెత్తబడి కూలుతుంది. పీవీసీ పైపు 80 డిగ్రీల లోపే మెత్తబడిపోతుంది కాబట్టి పొయ్యి దరిదాపుల్లో దాన్ని వాడనే కూడదు. సేఫ్టీ వాల్వు పెడితే చాలదా అంటారు. మన బోరునీళ్ళలో చాలదు. ఎందుకో చెబుతాను.

పడమటి మండలాల్లో బోర్లు లోతుకు పోయేకొద్దీ నీళ్ళు ఉప్పుబారాయి. ఉప్పు అంటే వంటుప్పు కాదు. కాల్షియం, మెగ్నీషియం లవణాలు. నీరు వేడెక్కగానే అందులో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ విడిపోయి, సున్నపురాయిలాంటి కార్బొనేట్‌గా లోపలి గోడకు పట్టుకుంటుంది. కాగు అడుగున తెల్లగా గట్టిపడి, గోకితే పెచ్చులుగా లేచేది అదే. ఈ పొర వేడిని రాగితో పోలిస్తే వందల రెట్లు తక్కువగా పోనిస్తుంది. అందువల్ల కట్టె ఎక్కువ కాలడం ఒకటి. పొర వెనకున్న రేకుకు నీటి కాపలా అందక అక్కడక్కడ కాలిపోవడం రెండోది. సేఫ్టీ వాల్వు, సన్నటి గొట్టాలు మూసుకుపోవడం మూడోది. ఈ మూడోది బయటికి కనబడదు, అందుకే భయం. చింతపండు పులుసు పోసి రాత్రంతా నాననిచ్చి కడగడం మనవాళ్ళకు తెలిసిందే. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం సున్నాన్ని పట్టి వదులు చేస్తుంది. రెండు మూడు నెలలకొకసారి ఈ పని చేసుకోవాలి. ఇంకొక మాట. ఫ్లోరైడు ఉన్న నీళ్ళను కాచితే ఫ్లోరైడు పోదు, ఆవిరైన నీటి మేర ఇంకా చిక్కబడుతుంది. స్నానాల బాయిలర్ నీళ్ళు తాగడానికి వాడొద్దు.

నీటికి నోరు ఉన్నట్టే మంటకూ నోరుంది. దాన్ని మూసినా ప్రాణాల మీదికే వస్తుంది.

కట్టె కాలుతుందంటాం గానీ ఎండు కట్టె బరువులో నాలుగింట మూడు వంతులు ముందు వాయువులుగా లేచి ఆ తర్వాతే మంటవుతుంది. ఆ వాయువులు పూర్తిగా కాలడానికి వేడి కావాలి, గాలి కావాలి. చన్నీళ్ళున్న చల్లటి రేకు మంటను ముట్టుకోగానే మంట సగంలో చల్లారి మసి అవుతుంది. పొయ్యి రాజేసిన మొదటి పది నిమిషాల్లో పొగ ఎక్కువ రావడానికి కారణం అదే. పచ్చికట్టె అయితే బరువులో సగం నీరే. అందులోని ప్రతి కిలో నీటిని ఆవిరి చేయడానికే 500 కిలోకేలరీల పైన ఖర్చు. మిగిలిన పొగ గొట్టంలో చల్లబడి తారులాంటి జిడ్డుగా పేరుకుంటుంది. ఒకరోజు ఆ జిడ్డే అంటుకుంటుంది. ఏటా వానాకాలం ముగిసే వేళ గొట్టం విప్పి గోనెసంచి గుడ్డతో తోయడం ఇల్లు సున్నం కొట్టించడమంత అవసరం.

పొగ కన్నా చెడ్డది పొగ లేనప్పుడు వచ్చేది. మంట ఆరి ఎర్రటి నిప్పులు మిగిలినప్పుడు కళ్ళు మండవు, వాసన రాదు. అప్పుడే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు, ఆ మత్తులోనే ప్రాణం పోతుంది. స్నానాల గది చిన్నది, చలికి కిటికీ మూస్తాం, తలుపు గడియ పెడతాం. కాబట్టి పొగగొట్టం మిద్దె దాటి పైకి పోని బాయిలర్‌ను గదిలోపల పెట్టొద్దు. పసిబిడ్డకు వెచ్చగా ఉంటుందని నిప్పుల కుంపటిని తలుపులు మూసిన గదిలో పెట్టడం అంతకన్నా ఘోరం.

కన్నడ సరిహద్దు వైపు పాతకాలపు ఇళ్ళలో ఒక కట్టడం ఉంది. పెద్ద కాగును స్నానాల గది గోడలోనే మట్టితో కట్టేస్తారు. కాగు మూతి గది లోపల, పొయ్యి నోరు గోడ బయట. కట్టెలు బయటి నుంచే ఎగదోస్తారు. నిప్పు, పొగ, మోనాక్సైడ్ అన్నీ బయటే ఉండిపోతాయి. లోపలి మనిషికి ఉడుకునీళ్ళు మాత్రమే దక్కుతాయి. ఆ పద్ధతి కట్టిన మేస్త్రీకి రసాయనశాస్త్రం తెలియకపోవచ్చు. నా లెక్కలో అతను ఇంజనీరే.

మన తెలుగునాట ఈ పొయ్యిల మీద మనసు పెట్టిన శాస్త్రజ్ఞుడు ఒకాయన ఉన్నాడు. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో పనిచేసిన డాక్టర్ ఎస్.పి. రాజు. మట్టితోనే, పొగగొట్టంతో, వరసగా గుంతలున్న పొయ్యి రూపొందించి, 1953లో ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అనే పుస్తకం మద్రాసులో అచ్చువేశాడు. పొయ్యి ముందు కూర్చునే ఆడవాళ్ళ కళ్ళూ ఊపిరితిత్తులూ ఇంజనీరు పట్టించుకోవాల్సిన విషయమని దేశంలో అందరికన్నా ముందు గుర్తించినవాళ్ళలో ఆయన ఒకడు. ఆయన పేరు మన బడిపుస్తకాల్లో లేకపోవడం నాకు బాధగా ఉంటుంది. ఆ తర్వాత 1974లో బెంగళూరు ఐఐఎస్సీలో అమూల్య కె.ఎన్. రెడ్డి ‘అస్త్ర’ అనే విభాగం మొదలుపెట్టాడు. వాళ్ళు తుమకూరు జిల్లా పుర అనే పల్లెలో ఇంటింటికీ తిరిగి ఏ పనికి ఎంత కట్టె కాలుతోందో తూచారు. వంటతో పాటు స్నానాల నీళ్ళకయ్యే కట్టెను కూడా లెక్కలోకి తీసుకున్నారు.

మనమూ ఒకసారి తూచుకుందాం. ఐదుగురున్న ఇల్లు, మనిషికి 20 లీటర్లు. 100 లీటర్ల నీటిని 18 డిగ్రీల నుంచి 40కి తేవాలి. లీటరుకు డిగ్రీకి ఒక కిలోకేలరీ చొప్పున 2,200 కిలోకేలరీలు. ఎండుకట్టె కిలోకు సుమారు 3,700 ఇస్తుంది. అంటే లెక్కకు 600 గ్రాముల కట్టె చాలు. మూడురాళ్ళ పొయ్యిలో నీటికి చేరేది పదో వంతుకు కాస్త పైన కాబట్టి 5 కిలోల దాకా కాలుతుంది. నడిమంటల బాయిలర్‌లో మూడో వంతు చేరినా 2 కిలోలకు లోపే. రోజుకు 3 కిలోల కట్టె మిగిలిందంటే ఎవరి నెత్తిన మోపు తేలికైందో వేరే చెప్పాలా? ఇదే పనికి కరెంటు అయితే రెండున్నర యూనిట్లు. కానీ బకెట్లో వేసే హీటర్ రాడ్‌తో పోలిస్తే నాకు కట్టెపొయ్యే నయం. స్విచ్చు ఆపకుండా నీళ్ళు ఎంత వేడెక్కాయో చెయ్యి పెట్టి చూడబోయి ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళు పల్లెల్లో తక్కువ కాదు.

మంట వేయడానికి కిరసనాయిలు గుమ్మరించొద్దు. డ్రిప్ పైపు ముక్కలు, మల్చింగ్ షీట్లు, పురుగుమందు కవర్లు పొయ్యిలో పెట్టొద్దు. వాటి పొగ మామూలు పొగ కాదు.

ఇక కాలిన గాయాలు. పేలుళ్ళు అరుదు, ఇవి రోజూ జరిగేవి. హార్వర్డ్‌లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు 1947లో వేడి చర్మాన్ని ఎంతసేపట్లో కాలుస్తుందో కొలిచారు. 50 డిగ్రీల నీళ్ళకు కొన్ని నిమిషాలు పడుతుంది. 60 డిగ్రీలకు ఐదారు సెకన్లు. 70కి ఒక్క సెకను. పది డిగ్రీలు పెరిగితే నిమిషాలు సెకన్లయిపోతాయి. పసిబిడ్డ చర్మం ఇంకా పలచన, వాళ్ళకు ఇంకా తక్కువ సమయం చాలు.

వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడు అంటాం. బకెట్ దగ్గర ఆ మాటను తిరగేసి పాటించాలి. ముందు చన్నీళ్ళు, ఆ తర్వాత ఉడుకునీళ్ళు. 90 డిగ్రీల నీళ్ళు రెండు చెంబులకు 20 డిగ్రీల నీళ్ళు ఐదు చెంబులు కలిపితే 40 డిగ్రీలు వస్తుంది. ముందే ఉడుకునీళ్ళు పోసి "చన్నీళ్ళు తెస్తానుండు" అని తల్లి పక్కకు పోయిన ఆ అరనిమిషంలోనే పాకే బిడ్డ బకెట్ అంచు పట్టుకుంటుంది. మా అవ్వ మా అక్క బిడ్డకు నీళ్ళు పోసేముందు, వావిలాకు నీళ్ళు కలిపి, కాళ్ళు చాపుకుని కూర్చుని, మోచెయ్యి ముంచి చూసేది. పనిచేసి మొద్దుబారిన అరచెయ్యి నమ్మదగింది కాదని ఆమెకు తెలుసు.

కాలితే, పారే చన్నీళ్ళ కింద 20 నిమిషాలు. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయాలి. సిరా, పసుపు, టూత్‌పేస్టు ఏదీ పూయొద్దు. శుభ్రమైన పలచటి గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకుపోవాలి. నా చెయ్యి బోరింగు కింద ఎంతసేపుందో ఎవరూ లెక్కపెట్టలేదు గానీ 20 నిమిషాలకు తక్కువ ఉండదు.

పైపుల కుర్రవాడికి ఇవన్నీ ఒక పొద్దంతా కూర్చుని చెప్పాను. రేకు మీద సుద్దతో లెక్క వేసి చూపించాను. 290 కిలోల దగ్గర అతను తల ఊపాడు. ఇద్దరం కలిసి వేరే దోవ వెతికాం. తూము ఉన్న బాయిలర్ తెచ్చాం. స్నానాల గది గోడ బయట, రేకుల కప్పు కింద పెట్టాం. తూము మాత్రం గోడలోంచి గదిలోపలికి. దానికి కొళాయి లేదు, బిరడా లేదు, రబ్బరు గొట్టం తగిలించే వీలు కూడా లేకుండా మూతి కోసేశాం. ట్యాంకు నుంచి వచ్చే పైపుకు ఒక కొళాయి పెట్టి, దాన్ని గరాటు నోటికి నేరుగా పైన బిగించాం. కొళాయి మూతికీ గరాటుకూ నడుమ జానెడు జాగా వదిలాం. ట్యాంకు ఒత్తిడి ఆ జానెడులో ఆగిపోతుంది. ఆవిరి వస్తే ఆ జానెడులోంచి పోతుంది. కొళాయి తిప్పే పిడి మాత్రం అమ్మకు అందేట్టు గోడ లోపలికి తెచ్చాడు అతను. ఆ ఆలోచన అతనిదే.

మార్గశిరంలో ఒక తెల్లవారుజామున అమ్మ మొదటిసారి దాన్ని వాడింది. బకెట్లో ఐదు చెంబుల చన్నీళ్ళు ముందే పోసి ఉన్నాయి. చన్నీళ్ళ కొళాయి తిప్పింది. గోడవతల గరాటులో నీళ్ళు పడుతున్న చప్పుడు. ఇవతల తూములోంచి పొగలు కక్కే నీళ్ళు.

"చన్నీళ్ళు తిప్పితే ఉడుకునీళ్ళు వచ్చెనేమిరా!" అని అమ్మ కొళాయి ఆపింది. తూమూ ఆగింది. మళ్ళీ తిప్పి చూసింది.